పేజీ తిప్పే కుర్చీ

వాద్యబృందంలో ఆవిడను అందరూ పేజీల పిన్ని అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, పెట్టినవాడికి కళ్లున్నాయి. అక్కడ వయొలిన్లవాళ్లు ఇద్దరిద్దరుగా ఒక స్టాండు ముందు కూర్చుంటారు. స్వరాల కాగితాలు ఇద్దరికీ కలిపి ఒకటే. పేజీ అయిపోవచ్చేసరికి జనంవైపు కూర్చున్న మనిషి వాయిస్తూనే ఉంటారు, లోపలివైపు మనిషి కమాను దించి, పేజీ తిప్పి, మళ్లీ అందుకుంటారు. పాట తెగకూడదు కాబట్టి ఎవరో ఒకరు ఆగాలి. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ పిన్నే. చేరిన కొత్తలో లోపలి కుర్చీ ఇచ్చారు. జుట్టు నెరిసింది గానీ కుర్చీ మారలేదు. “మీరు తిప్పినట్టు ఇంకెవరూ తిప్పలేరమ్మా” అంటాడు పక్కన కూర్చునే పెద్దాయన. ఆ పొగడ్తకు మురిసిపోయే వయసు ఎప్పుడో దాటిపోయింది.

పగలు పిల్లల సంగీతబడి, సాయంత్రం రిహార్సల్, మధ్యలో రెండు బస్సులు. ఇంటికి చేరేసరికి మోకాళ్లు మొరాయిస్తాయి. కుట్టుమిషన్ ముందు నుంచి లేవకుండానే అక్క అంటుంది: “నీ వాయిద్యం కడుపు నింపదు, కునుకూ పట్టనివ్వదు. ఏం చూసుకుని పట్టుకు వేలాడుతున్నావే?” పిన్ని వయొలిన్ పెట్టె మూల పెట్టి కాళ్లు కడుక్కుంటుంది. జవాబు చెప్పడానికి ఓపిక కావాలి కదా.

బడిలో రెండు రకాల పిల్లలు. ఫీజు కట్టేవాళ్లకు సొంత వయొలిన్లు ఉన్నాయి. ఉచితంగా వచ్చేవాళ్లవి బడి వయొలిన్లు, క్లాసు అవగానే బీరువాలోకి పోతాయి. ఇంట్లో సాధన అనే మాటే లేదు. తమ పిల్ల నలుగురికీ కనబడాలని ఫీజు కట్టేవాళ్లు పట్టుబట్టి జనంవైపు కుర్చీలు అడుగుతారు. పిన్ని మొదట్లో వాదించింది. తర్వాత గొడవెందుకులెమ్మని ఉచితం పిల్లలందరినీ లోపలివైపు కూర్చోబెట్టేసింది. తనూ జీవితమంతా అక్కడే కూర్చుంది, ఏమైపోయిందని?

ఆ లోపలి పిల్లల్లో ఒకతె పిచ్చుక. లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆవిడ కూతురు. వయొలిన్ గడ్డం కింద పెట్టుకుంటే పిల్ల కంటే వాయిద్యమే పెద్దదిగా కనిపిస్తుంది. కానీ కమాను ఆనిస్తే చాలు, గదిలో మిగతా పిల్లలు తనవైపు తలలు తిప్పేవాళ్లు. నగరంలోని యువబృందంలో ఒక కుర్చీ ఖాళీ అయిందని తెలియగానే పిన్ని ఆ పిల్ల పేరు ఇచ్చింది. ఎంపికైతే వయొలిన్ ఇంటికి ఇస్తారు, చదువు పూర్తయ్యేదాకా పాఠం ఉచితం.

“ఈ కుర్చీ రాకపోతే దీన్ని నాతోపాటు ఇస్త్రీ బల్ల దగ్గర నిలబెడతాను టీచర్” అంది తల్లి. “నాకు మాత్రం సరదానా? ఒక్క చెయ్యి చాలడం లేదు.”

పరీక్షకు ఇచ్చింది బడిలో అందరూ కలిసి వాయించే పాటే. పిన్ని బృందంలోనూ ఏళ్ల తరబడి అదే పాట, అవే అచ్చు కాగితాలు. క్లాసు అయ్యాక వాచ్‌మన్ తాళాలు ఆడించేదాకా కూర్చుని, మొదటి పేజీలోని కష్టమైన చోట్లన్నీ పిన్ని దగ్గరుండి నేర్పింది. రెండో పేజీ తేలికే, రోజూ వాయించేదేగా అని వదిలేసింది.

పరీక్ష రోజు హాల్లో ముగ్గురు పెద్దలు బల్ల వెనక కూర్చున్నారు. పిచ్చుక మొదటి పేజీ ఎంత బాగా వాయించిందంటే, వెనక వరసలో పిన్ని కళ్లు మూసుకుని వింది. అంతలో పాట ఆగిపోయింది. కళ్లు తెరిచి చూస్తే, పిల్ల కమాను దించి, నెమ్మదిగా పేజీ తిప్పి, పెదవులతో లెక్కపెట్టుకుంటూ కూర్చుని ఉంది. లెక్క పూర్తికాగానే రెండు వరసల స్వరాల తర్వాత సరిగ్గా అందుకుని చివరిదాకా వాయించేసింది.

“మధ్యలో ఆపేశావేం తల్లీ? మర్చిపోయావా?” అని అడిగింది బల్ల వెనక పెద్దావిడ.

“లేదండీ. అది నా వంతు కాదు. అక్కడ పక్కవాళ్లు వాయిస్తారు.”

ఒకాయన ఫక్కున నవ్వాడు. నోట్లో నాలుక లేని మనిషని పేరుపడ్డ పిన్ని లేచి నిలబడింది.

“తప్పు పిల్లది కాదండీ. నేను కూర్చోబెట్టిన చోటుది. ఆ రెండు వరసలు వాయించే అవకాశం దానికి ఒక్కరోజూ రాలేదు.”

వాళ్లు తలలు దగ్గరపెట్టి మాట్లాడుకున్నారు. అందరూ అయ్యాక చివర్లో రమ్మన్నారు, ఆ వరసలే వింటామన్నారు.

పిల్లను మెట్ల దగ్గరకు తీసుకెళ్లి పిన్ని వయొలిన్ అందుకుంది. “ఏం కాదులే. నేను వాయిస్తా, చూసి పట్టుకో.” పేజీ చివరికి వచ్చింది. ఎడమచెయ్యి తీగలు వదిలేసి కాగితం మీదికి పోయింది. సిగ్గుపడి మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అదే. మూడోసారి బలవంతాన చేతిని ఆపుకుంటే, వేళ్లు తడబడి ఎక్కడివక్కడే నిలిచిపోయాయి. కాగితం చదవడం రాక కాదు. వేళ్లు ఎన్నడూ నడవని దారి అది.

“మీకూ రాదా టీచర్?”

“రాదే” అంది పిన్ని. ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది.

ఇద్దరూ మెట్టు మీద పక్కపక్కన కూర్చున్నారు. బృందంలో పక్క కుర్చీ పెద్దాయన వాయించగా ఇన్నేళ్లూ విన్నది పిన్ని పాడింది, పిల్ల వేళ్లతో వెతుక్కుంది. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ విసుక్కుంటూ పక్కనుంచి పోయారు.

చివర్లో పిల్ల ఆ వరసలు వాయించింది. గొప్పగా ఏం కాదు, ఒకచోట తొట్రుపడింది. కానీ ఆగలేదు. కాసేపటికి లోపలి నుంచి పరుగున వచ్చింది.

“వచ్చింది టీచర్! చివరి స్టాండట. లోపలివైపు.”

పిన్ని పిల్లను దగ్గరకు లాక్కుంది. సంతోషం నిజమే, ‘లోపలివైపు’ అన్న మాట గుచ్చుకున్నదీ నిజమే. “వెళ్లిన రోజే పక్కవాళ్లని అడుగు. ఒకరోజు నువ్వు తిప్పు, ఒకరోజు వాళ్లు తిప్పాలని. మొదటిరోజు అడక్కపోతే ఇంక నోరు పెగలదు.”

“మీరు అడిగారా?”

బస్సు వచ్చేస్తోందని చెప్పి పిన్ని గబగబా నడిచింది.

రిహార్సల్‌కు ఆలస్యంగానే చేరింది. పెద్దాయన అప్పటికే కాగితాలు తెరిచి, స్టాండును అలవాటుగా ఆవిడ చేతికి అందేలా జరిపిపెట్టాడు. పిన్ని దాన్ని మెల్లగా ఆయనవైపు జరిపింది.

“ఇవాళ మీరు తిప్పండి.”

“అయ్యో, చెయ్యి నొప్పా అమ్మా?”

“నొప్పి కాదండీ. ఆ రెండు వరసలు నాకూ వాయించాలని ఉంది.”