గవర్రాజు వేసిన బోటు

మా చర్చిలో కళల కమిటీ పెట్టాలన్న బుద్ధి పుట్టింది నాకే. ముప్పై ఏళ్లు బళ్లో డ్రాయింగు చెప్పి రిటైరైనదాన్ని. ప్రతి పండక్కీ వేదిక వెనకాల ఫ్లెక్సీ కట్టడం చూసి చూసి ఒళ్లు మండిపోయేది. సంఘం పెద్దలతో ఏడాది పోట్లాడాక, "సరే కనకరత్నంగారూ, మీరే చూసుకోండి" అన్నారు. పాటలకి సుధారాణి వచ్చింది. బొమ్మలకి నేనే పట్టుబట్టి గవర్రాజుని తెచ్చాను.

గవర్రాజుది జాలరిపేట. కుర్రతనంలో చేపల వేటకెళ్లేవాడు. వల తాడులో కాలు నలిగాక కుంచె పట్టాడు. ఫిషింగ్ హార్బరులో బోట్ల మీద పేర్లూ నంబర్లూ రాయడమే అతని బతుకు. ఊగుతున్న బోటు మీద, స్కేలు లేకుండా గీసినా గీత వంకర పోదు. నా శిష్యుల్లో అలాంటి చెయ్యి ఒక్కటి లేదు. మాట మాత్రం పొదుపు. పదడిగితే ఒకటి చెప్పేవాడు.

రెండేళ్ల కిందట తుఫానులో అతని కొడుకు కోటి వెళ్లిన బోటు తిరిగి రాలేదు. ఆ తర్వాతే అతను చర్చికి రావడం మొదలుపెట్టాడు. భార్య గంగాలమ్మ రాలేదు, వాళ్ల అమ్మవారిని విడవలేదు. శవం దొరకలేదు గనక కర్మ కూడా చెయ్యనివ్వలేదు. కొడుకు బతికే ఉన్నాడంటుంది. కోటి పేరున మా సమాధుల తోటలో ఒక రాయి పెట్టుకుంటానని గవర్రాజు పాస్టరుగారిని అడిగాడు. శవాన్ని పూడ్చి భూస్థాపన చెయ్యనిదే రాయి కుదరదన్నారాయన. కొడుకు పేరు చెప్పుకుని ఏడవడానికి ఆ మనిషికి జానెడు చోటు లేకపోయింది. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ నా బుర్ర పనిచెయ్యలేదు.

కమిటీ మొదటి పనిగా వేదిక వెనక గోడ మీద బొమ్మ వేయించాను. గాలివాన, పడవ, అందులో ప్రభువు, శిష్యులు. ఈస్టరుకి ముందొచ్చే నలభై లెంటు రోజులూ గవర్రాజు నిచ్చెన మీదే ఉన్నాడు. అతను వేసిన కెరటాలు చూస్తే గోడే ఊగుతున్నట్టుండేది. ఈస్టరుకి వారం ముందొచ్చే మట్టల ఆదివారం, దానికి ముందు రోజు పెద్దలు చూడ్డానికొచ్చారు. నీలం పడవ ముక్కు మీద తెల్లటి అంకెలు, 417.

"ప్రభువు బోటుకి రిజిస్ట్రేషన్ ఎప్పుడు చేయించారండీ?" అన్నాడు సంఘం కార్యదర్శి. అందరూ నవ్వారు. "ఇందుకేనా కమిటీ?" అన్నాడు మళ్లీ. నాకు తల కొట్టేసినట్టయింది.

"నంబరెందుకు వేశావయ్యా?" అన్నాను.

"నంబరు నేని బోటు హార్బరు దాటదమ్మగోరు," అన్నాడు నేల చూస్తూ.

నంబర్లు రాసి రాసి అలవాటుపడ్డ చెయ్యి, దానంతటదే రాసేసిందనుకున్నాను. ఎవరి నంబరని ఒక్క మాట అడిగితే నా సొమ్మేం పోయేది? అడగలేదు. చెరిపెయ్యమన్నాను.

"ఉంచకూడదేటి?"

"కమిటీ ఉండాలా, వద్దా?"

గవర్రాజు నీలం డబ్బా మూత తీసి, కుంచె ముంచి, మూడంకెలూ ఒక్కొక్కటే పూడ్చేశాడు. ఆ మర్నాటి నుంచి చర్చికి రాలేదు. నా మీద అలిగాడనుకున్నాను.

ఈస్టరు నాడు ఆరాధన అయ్యాక గంగాలమ్మ వచ్చింది. చేపల గంప బయట దించి, చెప్పులు విడిచి, కనకాంబరాల మాల పట్టుకుని లోపలికొచ్చింది.

"కోటిగాడి బోటు ఈ గోడ మీద ఏసినానని మా ఆయన సెప్పినాడమ్మా. నెల్లాళ్లు రమ్మన్నాడు, నానే రానన్నాను. ఈ వారం ఆ ఊసే ఎత్తనేదు. ఇయాల మనసొప్పింది. ఈ పూలెట్టేసి ఇంటికెల్లి ఆడికి కర్మ సేయించేత్తాను."

 గంగాలమ్మకి చదువు రాదు. కానీ హార్బరు గట్టు మీద నిలబడి, లోపలికొచ్చే ప్రతి బోటు మీదా ఆ మూడంకెల కోసం వెతికిన మనిషి. వాటి రూపు ఆవిడకి కంఠతా వచ్చు. పడవ ముక్కు మీద వేళ్లతో తడిమింది.

"అంకెలేవమ్మా?"

చెరిపించింది నేనేనని చెప్పలేకపోయాను. ఆవిడ గోడ మీంచి చెయ్యి తీసేసింది.

"ఇది మావోడి బోటు కాదు. నాను సెప్తూనే ఉన్నాను, ఆడింకా రావాలి," అంది. మాల తీసుకుని వెళ్లిపోయింది.

సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడు పొద్దున్నే హార్బరుకి వెళ్లాను. గవర్రాజు ఎవరిదో బోటుకి రంగు వేస్తున్నాడు.

"తప్పు నాదే. వచ్చి మళ్లీ రాయి. కమిటీ పోతే పోనీ," అన్నాను.

అతను కుంచె దించలేదు.

"ఓపాలి సముద్రం ముంచేసింది. రెండోపాలి నానే ముంచేసినాను, ఈ సేత్తోనే. మల్లీ రాత్తే మల్లీ సెరపమంతారు; మూడోపాలి ముంచడం నా వల్ల కాదమ్మగోరు."

గట్టు చివర గంగాలమ్మ నిలబడి ఉంది. లోపలికొస్తున్న బోటు ముక్కుకేసి చూస్తోంది. చేతిలో నిన్నటి మాల అలాగే ఉంది.