తిప్పన్న మామ కువైటు పొయ్యి

కంప బొగ్గులు అంటుకునేటప్పుడు మొదట వచ్చే పొగ ఘాటుగా ఉంటుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. కాసేపటికి బొగ్గు మీద బూడిద తెల్లగా పేరుకుంటుంది, ఘాటు పోతుంది. అప్పుడు వచ్చే వాసనకు నేను పేరు చెప్పలేను. కొంచెం బెల్లం మాడినట్టు, కొంచెం ఎండిన నేల మీద నాలుగు చినుకులు పడినట్టు ఉంటుంది. తనకల్లు నుంచి కదిరి పోయే రోడ్డు పక్కన రేకుల కొట్టు వేసుకుని, ఆదివారాలు కోడి, పొట్టేలు మాంసం కాల్చి అమ్ముకుంటున్నాను. ఆ వాసన వచ్చేదాకా పొయ్యి ముందు స్టూలు వేసుకుని ఊరికే కూర్చుంటాను. ఎదురుగా బండి ఆపి ఎవరైనా పిలిచినా ఒక్కోసారి వినిపించదు. మనసు తిప్పన్న మామ దగ్గరికి పోయి ఉంటుంది. ఆయన్ని మీరెవరూ చూసి ఉండరు. మా ఊరివాళ్లకే ఆయన సరిగా తెలియదు. వయసంతా కువైటులో ఒక ఇంట్లో వంట చేసి, తల నెరిశాక తిరిగివచ్చిన మనిషి.

మా ఇంటికీ వాళ్ల ఇంటికీ మధ్య నడుము ఎత్తు గోడ. నేను కాపురానికి వచ్చేనాటికి ఆ ఇంట్లో ఆయన భార్య ఓబులమ్మ ఒక్కతే ఉండేది. పిల్లలు లేరు. వరసకు నాకు అత్త. మా ఆయన బోరు బండి మీద పనిచేస్తాడు. ఎక్కడ నీళ్లు పడతాయంటే అక్కడికి పోతాడు. నెలల తరబడి ఇంటి ముఖం చూడడు. అందుకని గోడకు అటు ఆమె, ఇటు నేను. ఆమె గిన్నెల చప్పుడు నాకు, నా గిన్నెల చప్పుడు ఆమెకు వినిపించేది. అంతకు మించి మా రెండిళ్లలో చప్పుడు ఉండేది కాదు. అత్త మాంసం, చేపలు, ఏ నీసూ ముట్టదని నాకు తెలుసు గానీ, ఎందుకని ఎప్పుడూ అడగలేదు. మామ చివరిసారి సెలవుకు వచ్చి పోయాక ఏళ్లు గడిచిపోయాయి. నడుమ అక్కడ జబ్బుపడి, కాగితాలు చిక్కుపడి, కొన్ని నెలలు ఫోను కూడా రాలేదని మాత్రం ఒకసారి చెప్పింది.

ఆయన వచ్చేసిన కొన్నాళ్లకు వెనకాలే కార్గోలో పెద్ద పెట్టె వచ్చింది. కువైటు పెట్టె అంటే కంబళ్లు, పాలపొడి, సెంటు సీసాలు అని మా వీధికి తెలుసు. అందరూ చేరారు. మామ అట్టలు చింపి, మూడు కాళ్ల మీద నిలబడే గుండ్రటి నల్లటి ఇనప కుండ, దాని మూత బయటికి తీశాడు.

"ఏమప్పా తిప్పన్నా, అంతదూరం పోయి బాణలి తెచ్చుకున్నావా?" అన్నాడు ఎదురింటి రామప్ప.

"బాణలి కాదు అన్నా. పొయ్యి."

"పొయ్యికి మూతెందుకప్పా? దానికి చలేస్తాదా?"

అందరూ నవ్వుకుంటూ పోయారు. మామ నవ్వలేదు, నొచ్చుకోలేదు. పెట్టె అడుగున ఉన్న ఇంకో వస్తువు తీసి తువాలుతో తుడిచాడు. అసలు పనంతా దానిదే. నెలవంక ఆకారంలో ఉన్న ఉక్కు తొట్టి అది. కుండ లోపల ఒక పక్కకు అమరుతుంది. బొగ్గులన్నీ ఆ పక్కనే ఉంటాయి, తక్కిన సగానికి నిప్పు తగలదు. రెండింటి నడుమ నీళ్లు పోసే సన్నటి కాలువ. పైన చెరి సగం రెండు ఇనప కమ్మీల జల్లెడలు. ఒక వైపు మాంసం పూటంతా నిదానంగా మెత్తబడుతుంది, రెండో వైపు చిటికెలో కాలుతుంది. చలికాలం వాళ్ల యజమానులు ఎడారిలో గుడారాలు వేసుకుని వారాలు ఉండేవాళ్లట. అక్కడ ఆయన దీని మీదే వండేవాడు. వాళ్లు కొత్తది కొనుక్కుని పాతది ఈయనకు ఇచ్చేశారు.

ఆ ఆదివారం పొట్టేలు తొడ తెచ్చాడు. వచ్చినప్పటినుంచీ ఇంట్లో పప్పూ సంగటే తింటున్నాడు. అత్త పొదుపు చేస్తోంది అనుకున్నాడట. మాంసానికి ఉప్పు, కారం, ధనియాల పొడి పట్టించి, తొట్టినిండా బొగ్గులు పేర్చి, ఒక మూలన మాత్రం కాసిని నిప్పులు పెట్టాడు.

"అన్నీ ముట్టించవా మామా?" అని గోడ ఇవతలనుంచి అడిగాను.

"వద్దు మే సరోజా. ఒకదాన్ని చూసి ఒకటి అవే అంటుకుంటాయి. తొందర మనకే గానీ నిప్పుకుండదు."

తర్వాత సలసలా తెర్లే నీళ్లు తెచ్చి ఆ కాలువలో పోశాడు. ట్యాంకరు వస్తే బిందెలతో కొట్లాడుకునే ఎండాకాలం అది. అత్త వాకిట్లోకి వచ్చి చూసింది. "తాగేదానికి నీళ్లు ల్యాక మేం చస్తాంటే, ఈయప్ప పొయ్యికి నీళ్లు తాపుతాండాడు సూడు!" అంది.

మా దగ్గర తలకాయ, కాళ్లు ముందు మంట మీద కాల్చి, తర్వాత ఉడికిస్తాం. ఆయన చేసేది తలకిందులుగా ఉంది. మూతకున్న బిళ్ల తిప్పి గాలి సన్నగా పోయేట్టు పెట్టి, పక్కన కూర్చున్నాడు. నేను రెండుసార్లు గోడ దాటి పోయి మూత మీద చెయ్యి వేశాను. "తియ్యాకు మే," అన్నాడు. "నువ్వు తీసి చూస్తే ఉడకదు. లోపలి వేడంతా నీ ముఖానికి తగిలి పోతాది, అంతే." పొద్దు వాలాక ఆయనే మూత తీసి, తొడను సరిగ్గా నిప్పుల మీదికి జరిపాడు. కొవ్వు కారి చుయ్యిమంది, మంట లేచింది. అటు కాసేపు, ఇటు కాసేపు. పైన ఎర్రగా పొర కట్టింది. మొదటి ముక్క కోసి పళ్లెంలో పెట్టి అత్త ముందు పెట్టాడు.

"నాకొద్దు," అంది అత్త.

"రుచి సూడు ఓబులా. నీకోసరమే పొద్దుననుంచీ కూచున్నా."

"నేను నీసు తినేది ఇడిసిపెట్టి శానా ఏండ్లాయ."

"ఎందుకు?"

"నీ ఫోను రాకుండా ఆగిపోయ చూడు, అప్పుడు. మనిషి బతికి ఇంటికొస్తే చాలు, జన్మలో నీసు ముట్టనని కదిరి నరసింహసామికి మొక్కుకున్నా. వచ్చినావు కదా. ఇంక ఎట్ల తినేది?"

"పొద్దునే చెప్పింటే పాయ కదా."

"అంత ఆశగా కూచున్నావని గమ్మునుంటి."

మామ ఆ పళ్లెం గోడ మీదుగా నా చేతికి ఇచ్చాడు. అలాంటి మాంసం నేను అంతవరకు తినలేదు. వేలు తగిలితే ఎముక విడిపోతోంది. కానీ గోడ అవతల వాళ్లిద్దరూ తినకుండా కూర్చున్నారు. ముద్ద ఎంత రుచిగా ఉంటే అంత సిగ్గేసింది.

మరునాడే ఆ పొయ్యి మా వాకిట్లోకి వచ్చింది. నీసు పొగ తన ఇంట్లో వద్దంది అత్త. వారానికోసారి మామ వచ్చి వండేవాడు, నేను నేర్చుకునేదాన్ని. నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని, చదివి నేర్చుకోవడం నాకు రాదు; చేతిని చూసి నేర్చుకోవడం వచ్చు. అరచెయ్యి మూత మీద గాలిలో పెట్టి వేడి చూడడం, కాలువలో చన్నీళ్లు పోస్తే నిప్పు నీరసపడుతుందని, కోడిని చర్మం పైకి పెట్టాలని, అన్నీ అలా వచ్చినవే. ఒకటి మాత్రం వింతగా ఉండేది. నాకు వడ్డించి, తాను పళ్లెం తీసుకుని గోడ దగ్గరికి పోయి, అటు తిరిగి నిలబడి తినేవాడు. ఎన్నిసార్లు పీట వేసినా అంతే.

"ఎవరో తరుముతాండేట్టు ఏమి మామా ఆ తిండి? కూచోరాదా?" అన్నాను ఒకరోజు.

"ఆడ అందరూ తిన్నాక వంటింటి గట్టు కాడ నిలబడి తినేవాణ్ణి మే. నడుమ గంట కొడితే ముద్ద ఆడనే పెట్టి పరిగెత్తల్ల. గుడారాల కాడ అయితే ఇసుకలో, నిప్పు పక్కన. ఒక్కణ్ణే." ఇటు తిరిగి అన్నాడు. "నిప్పు ముందర కూచున్నప్పుడంతా ఒకటే అనుకుంటాంటి. ఇంటికి పోయినాక ఒక్కపూటన్నా నేను వండింది ఓబుల తినల్ల, నేనూ ఆమె పక్కన తినల్ల. అంతే. దుడ్లు గిడ్లు దేవుడెరుగు."

ఆ తర్వాతే వంకాయలు తెచ్చాడు. కొత్తగా ఇంకో జల్లెడ చేయించి, మాంసం తగలకుండా విడిగా దాచి, దాని మీద కాల్చి, నూనె వేసి, అత్త దగ్గరికి తీసుకుపోయాడు. "ఈ కమ్మీలకు నీసు ఎప్పుడూ తగల్లేదు," అన్నాడు. అత్త పళ్లెం వైపు చూసింది, గోడ అవతల పొయ్యి వైపు చూసింది. "మూత ఒకటే కదప్పా," అంది. "లోపల పొగ ఒకటే కదా?" గట్టిగా కూడా అనలేదు. మామ ఆ వంకాయలు తెచ్చి మా మేకకు వేశాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే గోరంట్లలో హోటలు పెట్టుకున్న ఒకాయన మామ చేతి మాంసం తిని, వచ్చి పని చేయమని అడిగాడు. నన్నూ సాయానికి తీసుకుంటానన్నాడు. నేను అప్పుడే గోరంట్ల బస్సు ఎక్కినట్టు కలలు కన్నాను. నలుగురు మనుషులుండే చోట పని, పగలంతా మాటలు. అవతలివారం చూస్తే మామ ఖాళీ పొయ్యిలో బొగ్గులు నిండా పోసి, గాలి బిళ్లలన్నీ తెరిచి, ఇనుమును ఎర్రగా కాలుస్తున్నాడు. చల్లారాక చింతపండు, బూడిద వేసి మోచేతులు నొప్పిపుట్టేదాకా తోమాడు. గోరంట్లకు రానని కబురు పంపేశాడు. ఇంక ఈ ఇనుముకు నీసు తగలకూడదట.

"మళ్ల నా సంగతేమి మామా? నా బతుకు నీకు కండ్లకు కనపళ్లేదా?" అని కేకలేశాను.

"నీకు పనొచ్చింది కదా మే. ఈ పొయ్యి ల్యాకుంటే మూడు రాళ్లు పెట్టుకుంటావు. నాకు ఆమె తప్ప యాడ ఎవరుండారు?"

కొన్నాళ్లు నేను ఆయనతో సరిగా మాట్లాడలేదు. ఆయన మాత్రం రోజూ వచ్చి ఏదో ఒకటి పెట్టి, మూత వేసి, కూర్చునేవాడు. గుమ్మడికాయ, గెనుసుగడ్డలు, ఉల్లిగడ్డలు, మొక్కజొన్న. అత్తను రమ్మని అడగలేదు. ఆమె అవతల చేట పట్టుకుని చూస్తూ ఉండేది. ఆ యేడు వాన మొదట్లో ఊరించి పోయింది. శెనక్కాయ చెట్లు పీకితే వేళ్లకు మట్టే గానీ కాయలు లేవు. పనులు లేక ఊరంతా నిశ్శబ్దంగా పడి ఉన్న ఒక మధ్యాహ్నం, అత్త ఉతికిన చీర కట్టుకుని వీధి వాకిలి గుండా, చుట్టంలా, మా ఇంటికి వచ్చింది. పొయ్యి దగ్గరికి పోయి వంగి వాసన చూసింది.

"నీసు వాసన ల్యాదు," అంది.

మామ పొద్దుననుంచీ మగ్గిన గుమ్మడికాయ ముక్కలను నిప్పుల మీదికి జరిపి, అంచులు ఎర్రబడగానే తీశాడు. నేను సంగటి కెలికి, వేయించిన శెనక్కాయలు దంచి ఊరుబిండి చేశాను. మూడు పళ్లాలు పెట్టాను. అత్తకు మోకాళ్ల నొప్పి. గోడ పట్టుకుని, అమ్మా అంటూ కూర్చుంది. మామ ఆమెకు వడ్డించాడు, నాకు వడ్డించాడు, తన పళ్లెం తీసుకుని వెనక్కి జరిగాడు.

"యాడికి పోతావు? కూచో," అంది అత్త.

కూర్చున్నాడు. సంగటి తుంచాడు, ముద్ద చేశాడు. నోటిదాకా పోయిన చెయ్యి దిగిపోయింది. "నిప్పు చూసొస్తా," అని లేచాడు. నిప్పుకు ఏమీ కాలేదు. మళ్లీ వచ్చి కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. చివరికి పళ్లెం తీసుకుపోయి గోడ మీద పెట్టుకుని అటు తిరిగి నిలబడ్డాడు.

"నీకోసరం నేను తిండి ఇడిసిపెడితే, నువ్వు నా పక్కన కూచునేదే ఇడిసిపెట్టినావా?" అంది అత్త. అంత కోపం ఆమెలో నేను ఎప్పుడూ చూడలేదు.

"కూచుంటే మెతుకు దిగల్యా ఓబులా," అన్నాడు ఆయన గోడతో చెబుతున్నట్టు. "ఏం చేసేది చెప్పు?"

అత్త కాసేపు ఆయన వీపు వైపే చూసింది. తర్వాత ఒక చేత్తో పళ్లెం పట్టుకుని, ఒక చెయ్యి నేలకు ఆనించి లేవబోయింది. నేను పట్టుకోబోతే విదిలించుకుంది. మోకాళ్లు పట్టేసినట్టున్నాయి, లేవడానికి చాలాసేపు పట్టింది. పోయి ఆయన పక్కన నిలబడి, తన పళ్లెం కూడా గోడ మీద పెట్టింది.

"అట్లయితే నేనూ నిలబడే తింటా పో," అంది.

ఇద్దరూ తిన్నారు. "ఉప్పు సరిపోయింది," అన్న ఒక్క మాట తప్ప ఆమె ఏమీ అనలేదు. నేను నేల మీద నా పళ్లెం ముందు కూర్చుని, పక్కపక్కన ఉన్న ఆ రెండు వీపులను చూస్తూ ఉండిపోయాను. వాళ్లకోసం సంతోషపడాల్సిన వేళ. కానీ మా ఆయన ఆ పూట ఏ ఊరి పొలంలో, ఏ బండి నీడలో తింటున్నాడో నాకు తెలియదు.

తర్వాత కొన్నేళ్లు వాళ్లు అలాగే తిన్నారు. పోయిన ఎండాకాలం నాలుగు రోజుల జ్వరంతో మామ పోయాడు. దినాలయ్యాక అత్తే నన్ను పిలిచి పొయ్యి తీసుకోమంది. "నీసే కాల్చుకో, ఏమన్నా కాల్చుకో. నా మొక్కు ఆ మనిషి కోసరం, ఇనుము కోసరం కాదు," అంది. కొట్టు అలా మొదలైంది. తిన్నవాళ్లు పని ఎవరు నేర్పారని అడిగితే మామ పేరు చెబుతాను. కానీ ఆయన దగ్గర నాకు మిగిలింది వంట ఒక్కటే కాదు.

అత్త ఇప్పటికీ మధ్యాహ్నం పళ్లెం తెచ్చి గోడ మీద పెట్టుకుంటుంది. మోకాళ్లు ఇంకా పాడయ్యాయి. "ఇంకెందుకత్తా ఈ అగచాట్లు? కూచోని తిను," అని మొదట్లో చెప్పాను. "కూచుంటే ఇల్లు పెద్దగా కనపడతాది మే," అంది. మళ్లీ చెప్పలేదు. ఆ వేళకు నా పళ్లెంలో నీసు లేకుండా చూసుకుని, ఇవతల నేనూ నిలబడతాను. ఆమె నమిలేది నిదానం. నాది ముందే అయిపోతుంది. అయినా ఆమె చెయ్యి కడుక్కునేదాకా నేను కడుక్కోను.