మా ఇంటికి మొదటి ర్యాంకు

ఇప్పుడంటే రేపు వాన పడుతుందా అని అడిగినా తటపటాయిస్తాను గాని, ఎమ్మెస్సీ పూర్తిచేసి ఊరొచ్చిన ఆ రోజుల్లో నాకు తెలియని భవిష్యత్తంటూ ఉండేది కాదు. అప్పుడే పెద్ద తుఫాను వచ్చి మా పి.గన్నవరం వైపు కొబ్బరిచెట్లని పడగొట్టి, ఇళ్ళ కప్పులు ఎగరేసుకుపోయింది. నెల తిరక్కుండా మా ప్రొఫెసరుగారు ఉత్తరం రాసేరు. "దెబ్బతిన్న ఊళ్ళో ఏ ఇల్లు ఎన్నాళ్ళకి కోలుకుంటుందో ముందే చెప్పే మోడల్ కట్టాలోయ్. మీ వీధితోనే మొదలెట్టు."

కట్టేను. పొలముంటే ఇన్ని మార్కులు, సంపాదించే మగాడుంటే ఇన్ని, డిగ్రీ ఉంటే ఇంకొన్ని. లెక్కేస్తే అందరికన్నా ముందు కోలుకునేది మా ఇల్లేనని తేలింది (డిగ్రీకి అన్నేసి మార్కులు పెట్టింది నేనే, వీధి మొత్తానికి డిగ్రీ ఉన్నదీ నాకే). మా వీధిలోనే ముగ్గురు ఆడపిల్లలతో, పులిసిన పిండితో పుల్లట్లు పోసి అమ్ముకుని బతికే పిన్నిగారిది ఆఖరి స్థానం, రెండేళ్ళకి గాని లేవదు. నాన్నగారు కాగితం చూసి, "అయితే మన పెంకు ఎప్పుడు నేయిస్తావు?" అన్నారు. "మోడల్ ప్రకారం మూడు వారాల్లోనండీ" అన్నాను.

మూడు వారాలూ దాటిపోయేయి. పనివాళ్ళు దొరకలేదు. నేనే ఎక్కితే నాలుగు పెంకులు పగిలి, కాలు బెణికింది. మళ్ళీ మబ్బు కమ్మిన ఓ పొద్దున, ఇంట్లో బియ్యం బస్తాలు ఎక్కడ దాచాలో తెలీక అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే, పుల్లట్ల పిన్నిగారు పదిమందిని వెంటేసుకుని వచ్చేరు. పడిపోయిన చెట్ల ఆకులు అల్లి ఆవిడ ఇంటికి కప్పు ఎప్పుడో వేసేసుకున్నారు. అప్పట్నించీ ఆ జట్టంతా కలిసి ఇంటింటికీ వెళ్ళి కప్పులు వేస్తున్నారట. మాదే ఆఖరిది.

"చదువుకున్న అబ్బాయున్నాడు కదా, మీరే నేయించుకుంటారనుకున్నామండీ బావగారూ" అన్నారావిడ నాన్నగారితో.

వాన మొదలయ్యేసరికి పెంకంతా సర్దేసేరు. మంచమ్మీద కాలు చాపుకుని కూర్చున్న నేను సిగ్గు చంపుకుని, కాగితం చేతికిచ్చి ర్యాంకుల సంగతి చెప్పేసేను.

"మేం ఆఖరా అబ్బాయీ?"

"ఆయ్, అవునండీ."

పిన్నిగారు కాగితం అటూ ఇటూ తిప్పి చూసేరు. కోపం లేదు. "మరి మీ లెక్కలో పక్కింటోళ్ళకి మార్కుల్లేవేంటయ్యా?"

ఆ మాటే ప్రొఫెసరుగారికి రాస్తే, "నిజమే, దాన్నెలా కొలుస్తావోయ్?" అని జవాబొచ్చింది. ఆ తర్వాత చాలా ఊళ్ళు తిరిగేను, చాలా మోడళ్ళు కట్టేను. ఇవాళ్టికీ ఏ గడప ఎక్కినా ముందు "ఈ కప్పు వేసిందెవరండీ?" అనే అడుగుతాను. ఎవరూ ఒక్క పేరుతో ఆపరు. ఆ పేర్లన్నీ నా లెక్కల కాగితంలో ఏ గడిలో వెయ్యాలో తెలీక, నెరిసిన తలతో కలం పట్టుకుని అలా వింటూ కూర్చుంటే, నా మీద నాకే నవ్వొస్తుంది.