విశ్రాంతి రోజున చూడదగిన స్థలం: మా గడి

మా వంశానికి జరిగిన నష్టాల గురించి ఇంట్లో చాలా చెప్పేవారు. భూములు పోయాయి, గుర్రాలు పోయాయి, చివరికి పైకప్పూ పోయింది. అవన్నీ కాలం చేసిన పనులు. మిగిలిన పరువును మాత్రం నేనే స్వయంగా, ఇంగ్లీషులో అచ్చు వేయించి మరీ తీశాను. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. నవ్వండి, ఫరవాలేదు. కాస్త మెల్లగా నవ్వండి, మాది గౌరవమైన కుటుంబం.

అరవైల చివర్లో సంగతి. ఇప్పుడు గచ్చిబౌలి అంటే అద్దాల మేడలూ ఆఫీసు బస్సులూ. అప్పుడు బండలూ సీతాఫలం చెట్లూ. వాటి పక్కన మా ఊరు, ఊరి మధ్య కోటలాంటి మా దొరల ఇల్లు. దాన్ని గడి అనేవారు. నా కాలానికి దర్బారు హాల్లో మేకలు కొలువు తీరేవి. మిగిలిన ఆస్తి ఒక చేతుల కుర్చీ, మా తాతగారి షేర్వాణీ, ఆయన జరీ తలపాగా, ఇంకా నా వెన్నెముక. దాన్ని వంచడం మా ఇంట్లో ఎవరికీ నేర్పలేదు.

ఆ ఏడాది నగరానికి అంతర్జాతీయ క్రికెట్ టెస్టు మ్యాచి వచ్చింది. చూడటానికి విదేశాల నుంచి జనం వస్తారని, వాళ్ల కోసం ఇంగ్లీషులో ఒక మార్గదర్శిని వేయాలని నిర్వాహకులు అనుకున్నారు. రాయడానికి ఇంగ్లీషు వచ్చి, వేరే పని లేనివాడు కావాలి. రెండు అర్హతలూ నాకు పుష్కలం. ఏ స్టాండులో ఎండ ఎప్పుడు పడుతుందో, కాచిన నీళ్లు ఎక్కడ దొరుకుతాయో, రిక్షావాడితో బేరం ఎలా ఆడాలో అన్నీ రాశాను. జన్మలో బేరమాడినవాణ్ణి కాదు, అయినా అద్భుతంగా రాశాను.

అప్పట్లో టెస్టు మధ్యలో ఒక రోజు ఆట ఉండేది కాదు, విశ్రాంతి. చిక్కంతా ఆ రోజుతోనే వచ్చింది.

"విశ్రాంతి రోజు పేజీ ఖాళీగా ఉందండి," అన్నారు నిర్వాహకుల కార్యదర్శిగారు. కోస్తా నుంచి వచ్చిన మర్యాదస్తుడు. "చార్మినారూ, గోల్కొండా ముందే అయిపోయాయి. ఇంకేదైనా రాయండి బాబూ."

"ఒక గడి ఉంది," అన్నాను కిటికీలోంచి బయటికి చూస్తూ.

"చూడదగిందేనాండి?"

"చూసే కళ్లుంటే."

ఇక కలం ఆగలేదు. ప్రాచీన వంశం, అతిథులకు రాచవిందు, గుమ్మంలో ఏనుగు. ఏనుగు మా ముత్తాతగారి హయాంలోనే పోయింది. నేను బతికించాను. ఇలాంటి పుస్తకాలు స్టేడియంలో విసురుకోవడానికే తప్ప ఎవరూ చదవరని నా ధీమా. వాళ్ల దేశాల్లో చదువుతారట!

మూడో రోజు ఆట ముగియగానే కార్యదర్శిగారు పరుగున వచ్చారు. "శుభవార్తండి! రేపు మధ్యాహ్నం భోజనానికి వ్యాను నిండా మీ గడికే వస్తున్నారు. ఏనుగుని కాస్త కడిగించి ఉంచండి."

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ బియ్యం కుండలోకి చూసింది. మా ఇద్దరికే ఒక పూటకు చాలీచాలవు. "మన గడప తొక్కినోళ్లు ఆకలితోని మళ్లిపోయింది లేదు బిడ్డా," అంది. "నేనుండంగ గసుంటి దినం సూడనియ్యకు."

తెల్లవారగానే మల్లమ్మ ఇంటికి నడిచాను. ఒకప్పుడు ఆమె అత్తమామలు మా గడిలో కూలి లేకుండా వెట్టి చేశారు. ఇప్పుడు ఆమెకు పాడి బర్రెలూ, జొన్నచేనూ, ఊరంతా వినబడే గొంతూ ఉన్నాయి. మాకు ఆ మూడూ లేవు. ఆమె పాలు పిండుతోంది.

"ఏంది చిన్నదొరా, బొట్టు పెట్టిన బండ లెక్క గట్ల నిలబడ్డవ్?"

"నీ బర్రె బాగుంది," అన్నాను.

"బర్రెను సూడనీకె వచ్చినవా?"

"పాలు కూడా బాగా ఇస్తున్నట్టుంది."

"ఇస్తది. దీన్ని పిండుడు అల్కగనే ఉన్నది, నీ నోట్లకెల్లి మాట పిండుడే కష్టమున్నది. జర చెప్పు!"

ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆమె చేతులు ఆగాయి. పాత సంగతులన్నీ తవ్వి పోస్తుందనుకున్నాను. ఆ హక్కు ఆమెకుంది.

"ఏనుగు గూడ రాసినవా?"

"రాశాను."

పకపకా నవ్వింది. "ఇగ ఫికర్ చెయ్యకు. మా అత్త ఆకలితోని మీ గడిల వండింది. నేను కడుపునిండ తిని వండుత. ఫరక్ సూడు."

ఎండ ఎక్కేలోపు ఊరు మా గడిలో ఉంది. మేకలు నిరసన తెలుపుతూ వెళ్లిపోయాయి. ఘోషా పాటించే అమ్మ పరాయి మగవాళ్ల ముందుకు రాదు కనుక, వంటింట్లో ఆడవాళ్లతో కూర్చుని రొట్టెలు కొట్టింది. పొద్దుటి నుంచి నిలబడి మోకాళ్లు లాగేసరికి మల్లమ్మ హాలు మధ్యన ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుని హుకుములు జారీ చేసింది. నేను తాతగారి షేర్వాణీ తొడిగి, జరీ నడికట్టు బిగించి, తలపాగా పెట్టుకున్నాను. అద్దంలో సాక్షాత్తు తాతగారే.

వ్యాను వచ్చింది. హాల్లోకి అడుగు పెడుతూనే ఒక లావుపాటి తెల్లదొర, "ఏనుగేదీ?" అన్నాడు.

మల్లమ్మ కిటికీలోంచి గడి వెనక ఉన్న పెద్ద గుండ్రాయిని చూపించింది. "పండుకున్నదని చెప్పు. లేపితే మంచిగుండదని చెప్పు."

చెప్పాను. అందరూ దూరం నుంచే, చప్పుడు చేయకుండా ఫొటోలు తీసుకున్నారు.

జొన్నరొట్టెలు, నాటుకోడి కూర, పచ్చిపులుసు, ఆపైన సీతాఫలాలు. కారానికి కళ్లు తుడుచుకుంటూ మళ్లీ మళ్లీ వడ్డించమన్నారు. ఇంగ్లీషు నాకొక్కడికే వచ్చు కనుక అందరూ నన్నే పిలిచారు. నీళ్లు, ఉప్పు, ఇంకాసిన్ని నీళ్లు. పుట్టి బుద్ధెరిగి చెంబు మోయనివాణ్ణి, ఆ హాలంతా బొంగరంలా తిరిగాను.

"చెంచాలు అడుగుతున్నారు మల్లమ్మా!"

"దేవుడు చేతికి ఐదిచ్చిండని చెప్పు."

వెళ్లేముందు ఒక పెద్దావిడ లేచింది. కృతజ్ఞతలు చెబుతుందని నేను వెన్ను నిటారుగా చేసి చెయ్యి చాచాను. ఆమె నన్ను దాటి నేరుగా కుర్చీ దగ్గరికి వెళ్లి, మల్లమ్మకు తల వంచి నమస్కరించింది. తర్వాత నావైపు తిరిగి, తన మాటలు తెలుగులో చెప్పమంది.

"అమ్మా, ఇంత పెద్ద ఇంటి యజమానురాలై ఉండీ మమ్మల్ని సొంతవాళ్లలా చూశారు. మీ సేవకుడు కూడా చాలా చురుకైనవాడు. మా హోటల్లో బేరర్ల కన్నా నయం. అతణ్ణి బాగా చూసుకోండి."

అప్పుడు వెలిగింది. షేర్వాణీ, జరీ నడికట్టు, తలపాగా. మా తాతల దర్జానంతా నగరంలోని హోటళ్లు బేరర్లకు తొడిగాయని నాకెవరూ చెప్పలేదు!

"ఏమంటున్నది దొరసాని?" అంది మల్లమ్మ. ఊరంతా నా నోటివైపే చూస్తోంది. మాట మార్చి చెప్పినా పట్టుకునేవాళ్లు లేరు. కానీ ఆ ఇంట్లో ఆ పూట అబద్ధాల కోటా ఏనుగుతోనే అయిపోయింది. ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాను.

ఊరు ఊరంతా గొల్లుమంది. వంటింటి తలుపు వెనక మా అమ్మ నవ్వు కూడా వినబడింది. ఎన్నేళ్లకు విన్నానో! మల్లమ్మ మాత్రం నవ్వలేదు. కుర్చీలో వెనక్కి వాలి, గంభీరంగా అంది.

"మా ఇంట్ల పని చేసేటోళ్లు ఎన్నడు ఆకలితోని పండుకోరని చెప్పు."

అదీ అనువదించాను.

మర్నాటి నుంచి మా ఇంటికి రోజూ చెంబెడు పాలు వచ్చేవి. ఎందుకని అడిగితే, "నీ జీతం," అనేది మల్లమ్మ. అమ్మ ఆ పాలు తాగి చాలా ఏళ్లు బతికింది. ఆ జీతం రుణం నేనింకా తీర్చలేదు, తీరేది కూడా కాదు.

ఇక ప్రతిజ్ఞ. ఆ గుండ్రాతి ఏనుగు సాక్షిగా చేద్దామంటే దాన్ని పేల్చి అద్దాల మేడ కట్టారు. కనుక ఆ మేడ సాక్షిగా చేస్తున్నాను. చచ్చిన ఏనుగును మళ్లీ బతికించను. బియ్యం కుండలోకి చూడకుండా ఎవరినీ విందుకు పిలవను. షేర్వాణీ వేసుకుని నీళ్ల చెంబు ముట్టను.

వెన్ను వంచకూడదన్న మా వంశనియమం మాత్రం ఒక్కచోట సడలించాను. మల్లమ్మ ఇంటి గుమ్మం బాగా పొట్టిది. ఆ తర్వాత వెళ్లిన ప్రతిసారీ వంగే లోపలికి వెళ్లాను. తలకు దెబ్బ తగలకూడదని, అంతే సుమండీ.