చిన్నాయన సాలగ్రామం, నా ఫోను

మా వాళ్లు అహోబిలంలో తరతరాలుగా అర్చకులు. నాకా పని అబ్బలేదు. ఆళ్లగడ్డలో కాపురం పెట్టి, రోజూ బస్సులో నంద్యాల పోయి, ఒక బడిలో కంప్యూటరు పాఠాలు చెప్పి వస్తుంటాను. బంధువులు నన్ను ‘ఫోను శ్రీరాముడు’ అంటారు. అది మెప్పని చాన్నాళ్లు అనుకున్నాను.

మా రంగనాథం చిన్నాయన ఇల్లు మా వీధిలోనే. ఆ మధ్య సున్నిపెంటలో ఆయన కూతురు ప్రసవించింది. పురుటింటికి సాలగ్రామాన్ని తీసుకుపోకూడదు. ఇక్కడేమో దానికి నిత్యపూజ ఆగకూడదు. అందుకని చిన్నాయన, ముత్తాతల నాటి ఆ నల్లరాయిని నా చేతిలో పెట్టాడు.

“దినామూ నీళ్లు, తులసి. అంతే. నీ తెలివి మాత్రం వాడొద్దురా” అని చెప్పి, చిన్నమ్మతో బస్సెక్కాడు.

మా ఇంట్లోనూ ఒక సాలగ్రామం ఉంది. రెంటినీ పక్కపక్కనే పెట్టి పూజ చేసేవాణ్ణి. ఆయన తిరిగొచ్చే రోజు పొద్దున అభిషేకం ముగించి, ఒక చేత్తో వాటిని తుడుస్తూ ఇంకో చేత్తో ఫోనులో క్రికెట్ స్కోరు చూశాను. తల దించేసరికి తుండుగుడ్డలో రెండు నల్లరాళ్లు. రెండూ నున్నగా ఉన్నాయి, రెండింటికీ ఒకే తీరు చక్రం. ఏది ఎవరిదో తెలిస్తే ఒట్టు.

ఫోటో చూసి శిలాజాల పేర్లు చెప్పే ఏఐ యాప్ ఒకటి నా ఫోనులో ఉంది. అడిగాను. “రెండూ అమ్మొనైట్లు. కోట్ల ఏళ్ల కిందటి సముద్రజీవులు” అంది.

“ఇందులో మా చిన్నాయనది ఏది?”

ఆ వివరం తన దగ్గర లేదనీ, పక్కన స్కేలు పెట్టి మళ్లీ ఫోటో తీయమనీ మర్యాదగా చెప్పింది. పెట్టాను.

నా భార్య శ్రీవిద్య గుమ్మంలో నిలబడి, “స్వామికి కొలతలు తీస్తాండారా? చొక్కా కుట్టిస్తారా ఏంది?” అంది.

ఈసారి యాప్, ఎడమవైపుది పూర్తిగా ఎదగని జీవి కావచ్చని చెప్పింది.

“అట్లయితే అది మనింటిదే, అనుమానం లేదు” అంది శ్రీవిద్య.

నాకూ సబబుగానే తోచింది. సాయంత్రం కుడివైపుది తీసుకుపోయి చిన్నాయనకిచ్చాను. ఆయన కళ్లకు దగ్గరగా పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు.

“ఇది మాదేనారా?”

“మీదే చిన్నాయనా. అంటే... ఫోను చెప్పింది.”

ఇక దాచేదేముంది, అంతా చెప్పుకున్నాను. రెండోదాన్నీ తెప్పించి చూశాడు. ఆయనకూ తేలలేదు. రెంటినీ తన పూజపీట మీద పక్కపక్కనే పెట్టాడు. ఆయన తిట్టి ఉంటే నాకు కొంచెం ఊపిరి ఆడేది.

“తేలనప్పుడు విడదీయగూడదు. రెండూ ఈడనే ఉంటాయి. పొద్దున్నే నువ్వొచ్చి పూజ చేసి పో. నాకెట్లాగూ చేతులు వణుకుతాండాయి” అన్నాడు చివరికి.

అప్పటినుంచి నంద్యాల బస్సుకు ముందు వాళ్లింట్లో నాదే పూజ. చిన్నాయన మంచం మీద కూచుని వింటాడు. నేను మంత్రం తప్పిన చోటల్లా దగ్గుతాడు. నిన్న దగ్గు మరీ ఎక్కువైతే, మందు తెచ్చిస్తానన్నాను.

“మందెందుకు నాయనా, నువ్వు నేర్చుకుంటే అదే తగ్గుతాదిలే” అంది చిన్నమ్మ.