శేషగిరి ఉంచిన ఐదు కాయలు

సత్యవాణికి దేన్ని చూసినా ఇట్టే అసహ్యం పుడుతుంది. ఐర్లండ్‌లోని ఎన్నిస్‌లో అద్దెకు దిగిన కొత్తల్లో పెరట్లోని ఆపిల్ చెట్టు చూస్తేనే మొహం తిప్పుకునేది. రాలి కుళ్ళిన కాయలు, వాటి మీద ముసిరే కందిరీగలు, గడ్డి నిండా జిగట నత్తలు. ఒకరోజు చెప్పు కింద ఓ కాయ చితికితే, కాలూ చెప్పూ కడుక్కున్నా ఆ పూట అన్నం సయించలేదు.

మరుసటి ఏడు అక్టోబరులో కొమ్మ మీదే పండిన కాయ ఒకటి కోసి కొరికి చూసింది. ఆ రోజునుంచి చెట్టు మీద మనసు మారింది. ఆమెది నూజివీడు. చిన్న రసమో పెద్ద రసమో చెప్పకుండా అమ్మబోతే ఆ ఊళ్ళో మామిడిపండును ఎవరూ ముట్టుకోరు. ఇంత మంచి కాయకు పేరేమిటని ఇంటి యజమాని కానర్‌ని అడిగితే "ఆపిల్" అన్నాడు. అతని మీదా అసహ్యం పుట్టింది.

అవి దేశమంతా ఇళ్ళు కట్టి అమ్మే పిచ్చి పట్టిన రోజులు. మరుసటి ఏడు వేసవికి కానర్‌కీ పట్టింది. పెరట్లో ఇంకో ఇల్లు కడతానన్నాడు. చెట్టు కొట్టొద్దని సత్యవాణి బతిమాలగా చివరికి ఓ మాట అన్నాడు: "పేరున్న పాత రకమని తెలిసినవాళ్ళు చెబితే ఉంచుతా. లేదంటే నవంబరులో చెట్టు పెకలించడానికి డిగ్గర్ వస్తుంది."

షానన్‌లో ఆమె ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టి, ఎవరూ వంక పెట్టలేనంత వివరంగా రాయడం. కిందటేడు తిన్న కాయ గురించీ అలాగే రాసింది. కాస్త అణిగిన గుండ్రం. ఆకుపచ్చ కలిసిన పసుపు, ఎండ తగిలేవైపు ఎర్రచారలు. తొడిమ చుట్టూ గరుకు మచ్చ. నూనె రాసినట్టుండే తొక్క. కోస్తే సోంపు వాసన. పాత రకాలు గుర్తుపట్టి, అంటు కట్టి తమ తోటలో కాపాడే ఫిడెల్మా అనే పెద్దావిడకు అది పంపింది. ఆగస్టులో ఆవిడే వచ్చి చెట్టు చూసింది.

"ఇక లేదనుకున్న రకం ఒకటి గుర్తొస్తోంది. కానీ పండు చూడందే చెప్పను. అక్టోబరులో వస్తాను. బాగా పండినవి ఐదు, తొడిమతో ఉంచు."

ఈ మాట సత్యవాణి భర్తకు పదిసార్లు చెప్పింది. కేశవరావు మంచివాడే, ఎవరినీ కాదనలేని రకం మంచివాడు.

సెప్టెంబరు చివర్లో ఆఫీసు నుంచి వచ్చేసరికి వంటింట్లో ఆవపిండి ఘాటు. నేలంతా పేపర్లు, వాటి మీద ముక్కల గుట్ట. లిమరిక్‌లో తెలుగువాళ్ళ దసరా జరిపించే శేషగిరి, కత్తిపీట ముందేసుకుని ఆఖరి కాయ తరుగుతున్నాడు.

"రండి చెల్లెమ్మా! ఆవకాయకి మొహం వాచిపోయాం కదా. పండితే ముక్క మెత్తబడిపోద్దని ఇవాళే దులిపేశాం."

సత్యవాణి పెరట్లోకి పరుగెత్తింది. కొమ్మకొమ్మా వెతికింది. నిచ్చెన వేసి మరీ దులిపినట్టున్నారు, ఒక్కటీ మిగల్లేదు. లోపలికొచ్చి మొగుడి మీద విరుచుకుపడింది.

"మీకు చెప్పానా లేదా?"

"ఐదు ఉంచమని నేనూ చెప్పాను వాణీ..."

"ఉంచాం కదమ్మా!" శేషగిరి కిటికీ గట్టు చూపించాడు. ఐదంటే ఐదే. పురుగు తొలిచినవి, నత్తలు నాకినవి. ఒకదాని బొక్కలోంచి తెల్లటి పురుగు తల బయటపెట్టి చూస్తోంది. "ఆవిడ చూడ్డానికేగా, తినడానికి కాదుగా!"

ఆ పురుగు కన్నా ఆ నవ్వే ఆమెకు ఎక్కువ రోతగా అనిపించింది. ఛీ, ఏం మనుషులు! మంచివన్నీ ఏరుకుని, పారేయాల్సినవి లెక్కపెట్టి మరీ ఉంచారు.

అక్టోబరులో ఫిడెల్మా ఆ ఐదూ కోసింది. గోధుమరంగు గుజ్జు, పురుగు దారులు. గింజలు ఇంకా తెల్లగానే ఉన్నాయి, పండకముందే కోసిన కాయలని తెలిసిపోతోంది. చాలాసేపు చూసి కత్తి తుడుచుకుంది.

"వీటితో ఏమీ చెప్పలేను."

"కొమ్మైనా తీసుకెళ్ళి అంటు కట్టండి."

"పేరు తేలని చెట్లు ఎన్నో ఉన్నాయమ్మా. అన్నిటికీ మా దగ్గర చోటు లేదు."

మర్యాదకు లోటు రాకూడదని కేశవరావు ఆవిడ చేతిలో ఓ ఆవకాయ సీసా పెట్టాడు. సత్యవాణికి అతని పక్కన నిలబడబుద్ధి కాలేదు.

నవంబరులో డిగ్గర్ వచ్చింది. మధ్యాహ్నానికి పెరడు బురదగుంట అయింది.

క్రిస్మస్ ముందు శేషగిరి ఫోన్ చేశాడు.

"చెల్లెమ్మా, మీ ఆవకాయ సూపర్ హిట్! ముక్క ఇంకా కరకరలాడుతోంది. అందరూ ఒకటే అడుగుతున్నారు, ఆ కాయ ఏం రకమండీ?"

సత్యవాణి ఫోన్ పెట్టేసింది. అల్మారాలోని సీసా తీసి, చెత్తబుట్టలో బోర్లించి, రెండుసార్లు చేతులు కడుక్కుంది. సోంపు వాసన మాత్రం చేతులకు అలాగే ఉంది.