బోర్లా పడుకుని చూసిన కుస్తీ

ఆ ఆదివారం పొద్దున వచ్చినంత చెత్త రెజ్లింగ్ షో నేను ఇరవై ఏళ్లలో చూడలేదు. ఈ మాట ఊరికే అనడం లేదు. చెత్త షోల సంగతి నాకు బాగా తెలుసు. వాటికోసం పెళ్లిళ్లు ఎగ్గొట్టాను, ఆఫీసుకు లేని జ్వరం తెచ్చుకున్నాను. అమెరికాలో శనివారం రాత్రి జరిగే పెద్ద షో మాకు సింగపూర్‌లో ఆదివారం పొద్దున వస్తుంది. మేముండే టాంపినీస్‌లో బుద్ధున్న మనుషులంతా కూరగాయలకు బయల్దేరే వేళకు నేను విడిగా డబ్బు కట్టి మరీ ఆ దరిద్రం ముందు కూర్చుంటాను.

సైన్స్ పార్క్‌లో నాతో పనిచేసేవాళ్లకు ఈ సంగతి తెలిసినప్పుడల్లా ఒకటే ప్రశ్న. "అదంతా ఫేక్ కదా?" ఫేకే. సినిమాలో హీరో చచ్చిపోతే మీరు పోలీసులకు ఫోన్ చేస్తున్నారా? ఎవరు గెలవాలో ముందే రాసుకుంటారని నాకూ తెలుసు. రాసుకున్నందుకు కాదు నా ఏడుపు, ఇంత అధ్వానంగా రాసుకున్నందుకు.

ఆ రోజు మొదటి కుస్తీకి మనిషి లోపలికి నడిచి రావడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది, కుస్తీ ఆరు నిమిషాల్లో అయిపోయింది. రెండోదాంట్లో రిఫరీ ఎవరి మోచెయ్యో తగిలీ తగలకముందే సొమ్మసిల్లి పడ్డాడు. మా ఇంట్లో దోమ కుట్టినా అంతకంటే గట్టిగా నిలబడతాం. బెల్టులు ఎన్ని పుట్టించారంటే, బెల్టు లేనివాడు కనిపిస్తే జాలి వేస్తోంది. మొన్న చేరిన కుర్రాణ్ణి అప్పుడే చరిత్రపురుషుడని పరిచయం చేశారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఈ పిచ్చిలో నాకు తోడు ఒక్కరే, మా ఎదురు బ్లాకులో ఉండే హైదరాబాద్ అంకుల్. ఇక్కడే లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. ఐదేళ్ల కిందట ఒక రోజు ఏదో పనిమీద ఆ బ్లాకుకు వెళ్లి, లిఫ్టులో ఆయన టీషర్టు మీద ఒక ముసలి రెజ్లర్ బొమ్మ చూసి, "వీడింకా రిటైర్ కాలేదా?" అని నవ్వాను. ఆయన నాలుగో అంతస్తు నుంచి పన్నెండో అంతస్తు దాకా నన్ను తిట్టారు. పన్నెండులో దిగుతూ నా ఫ్లాటు నంబరు అడిగి, మళ్లీ ఆదివారం మా ఇంటికి వచ్చారు.

అప్పటినుంచి మాకు కొన్ని పద్ధతులు ఏర్పడ్డాయి. సోఫాలో ఎడమవైపు మూల ఆయనది. నేను లేకపోయినా తన దగ్గరున్న మా తాళంచెవితో ముందురోజు సాయంత్రమే వచ్చి, హాకర్ సెంటర్‌లో టేబుల్ చోప్ చేసినట్టు, అంటే ముందే తమదని పట్టిపెట్టుకున్నట్టు, అక్కడొక టిష్యూ ప్యాకెట్ పెట్టి పోతారు. మా ఇంట్లో ఆ మూలలో కూర్చోవడానికి ఇంకెవరూ లేరని చెప్పినా వినరు. రెండో పద్ధతి, టీవీ నోరు నొక్కెయ్యడం. ఆ ఇంగ్లీషు వ్యాఖ్యాతలు మూడు మాటలకొకసారి కూల్‌డ్రింకు అమ్ముతారు. వాళ్లను మ్యూట్‌లో పెట్టి, కుస్తీ మొత్తం నేను మా ప్రొద్దుటూరు తెలుగులో చెప్పాలి. ఆయనకు అది కావాలి. "నువ్వు జెప్తుంటే నిజంగ కొట్టుకున్నట్టుంటది బేటా" అంటారు.

మాకు పడనిది ఒక్క ఆ టీషర్టు మీది ముసలి రెజ్లర్ దగ్గరే. అంకుల్ అతన్ని 'మన బుడ్డా' అంటారు. తన జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచి చూస్తున్నారట. నా దృష్టిలో ఆ బుడ్డా మోకాళ్లు ఎప్పుడో అరిగిపోయాయి, వచ్చిన పట్లు మూడు, అవి కూడా ఎదుటివాడు దయతలిస్తేనే పడతాయి. ఈ మాట ఆయన ముఖం మీదే చాలాసార్లు అన్నాను.

ఆ ఆదివారం బుడ్డా ఆఖరి కుస్తీ. మూడు నెలలుగా ఊదరగొట్టారు. గెలుస్తాడని అంకుల్ ఆశ పడలేదు. "పోయేటోడు ఓడే పోవాలె. అది ఈ పనిల కాయిదా. కానీ మంచిగ ఓడాలె" అన్నారు. దానికోసం ఆయన రోజులు లెక్కపెట్టుకుంటుంటే, సరిగ్గా ఆ వారంలోనే కంట్లో రెటీనా ఊడింది. చిన్నప్పుడే దెబ్బ తగిలి ఒక కంటికి చూపు పోయింది, వెలుతురు తెలుస్తుందంతే. ఊడింది ఆ రెండోది. ఆపరేషన్ చేసి కంట్లోకి గ్యాస్ ఎక్కించారు, అది ఉన్నన్నాళ్లు ఆ కంటికి ఏమీ కనబడదు. ఆ గ్యాస్ రెటీనాను లోపలికి నొక్కి పట్టాలంటే వారం పాటు తల కిందికి వంచుకుని బోర్లా పడుకోవాలి. తల ఎత్తితే అతుక్కున్నది మళ్లీ ఊడవచ్చు. అదీ పోతే ఇక చీకటే.

అందుకని ఆ రోజు నేనే ట్యాబ్లెట్ పట్టుకుని వాళ్ల ఇంటికి వెళ్లాను. హాల్లో నేలమీద పరుపు, దానిమీద అంకుల్. నడుమ కన్నం ఉన్న దిండులో ముఖం దూర్చి, రెండు చేతులూ చాచి, రింగులో పడిపోయిన మనిషిలాగే ఉన్నారు. ఆంటీ టీ కప్పులో స్ట్రా వేసి ఆయన నోటికి అందేలా కింద పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయారు. ఆవిడకు ఈ కుస్తీ అంటే నాకంటే ఎక్కువ అసహ్యం.

"మ్యూట్‌ల పెట్టినవా?" అన్నారు దిండులోంచి.

"పెట్టినా అంకుల్."

"చెప్పు మరి."

బుడ్డా వచ్చాడు. ఎదుటివాడు రెజ్లరే కాదు. ఇంటర్నెట్‌లో వెకిలి వీడియోలు చేసుకుని బతికే పిల్లవాడు. చేతిలో ఫోన్ పట్టుకుని, తన్ను తాను వీడియో తీసుకుంటూ రింగులోకి దిగాడు. గంట మోగింది. బుడ్డా ఒక దెబ్బ కొట్టాడు. వెనకనుంచి వాడి స్నేహితుడెవడో బూటు విసిరాడు. బుడ్డా పడ్డాడు. రిఫరీ నేలమీద కొట్టి లెక్కపెట్టాడు, ఒకటి, రెండు, మూడు. మూడో దెబ్బకు భుజం లేవకపోతే ఓడినట్టే. పిల్లవాడు ఆయన గుండెమీద కాలుపెట్టి ఫొటో తీసుకున్నాడు. మొత్తం రెండు నిమిషాలు. మూడు నెలలు కొండను తవ్వి చివరికి ఎలుకను పట్టారు.

నా ఒళ్లు మండిపోయింది. ఆ మనిషిని నేనూ వెక్కిరించాను, కానీ ముప్పై ఏళ్లు ఒళ్లు హూనం చేసుకున్నవాణ్ణి సాగనంపే తీరు అదేనా? గంట మోగిందని చెప్పిన దగ్గరే ఆగిపోయాను.

"ఏమైంది బేటా? ఆగినవేంది?" అన్నారు అంకుల్. ఆయన మెడ నరాలు బిగిశాయి. తల దిండులోంచి లేస్తోంది.

"తల ఎత్తొద్దండీ!" అని అరిచి, ఆయన తల వెనక చెయ్యి పెట్టాను. ఆ తర్వాత నోటికొచ్చింది మొదలుపెట్టాను. "ఇంగా యాడ అంకుల్, ఇప్పుడేగా గంట కొట్టింది. మనోడు మెడ పట్టుకున్నాడు. ఇడిసిపెట్టడంల్యా. పిల్లోడు గింజుకుంటాండాడు."

తల మెల్లగా దిండులోకి దిగింది.

ట్యాబ్లెట్‌లో ఏదో కూల్‌డ్రింకు ప్రకటన వస్తోంది. నేను ఆ కూల్‌డ్రింకును చూస్తూ కుస్తీ చెప్పాను. చెయ్యి మెలిపెట్టించాను. తాడు మీదకు ఎక్కించాను, మోకాళ్లు అరిగినవాణ్ణి పైనుంచి దూకించాను. "పడినాడు అంకుల్! పైన పండుకున్నాడు ఆ పిల్లోడు!" అంటే ఆయన అరచేత్తో పరుపు మీద కొట్టేవారు, "ఏక్, దో..." "లేదు, భుజం లేపినాడు! లేచ్చాండాడు, తాడు పట్టుకోని లేచ్చాండాడు!" అలా నాలుగుసార్లు లేపాను. ఐదోసారి మాత్రం కాయిదా ప్రకారం పడుకోబెట్టాను. మూడో దెబ్బ అంకుల్ చాలా మెల్లగా కొట్టారు.

"జనం ఏం చేస్తున్నరు?"

"అందరూ లేచి నిలబడుకోని సప్పట్లు కొడ్తాండారు. ఆ పిల్లోడు కూడా దండం పెట్టినాడు."

"మంచిగ పోయిండు" అన్నారాయన. దిండు కన్నంలోంచి నేలమీదకు నీళ్ల చుక్క రాలింది. అది మందో మరేమిటో నేను అడగలేదు.

రాసేవాళ్లను ఇరవై ఏళ్లు తిట్టాను. ఇంటికి నడుస్తూ నన్ను నేను తిట్టుకున్నాను. అబద్ధం చెప్పినందుకు కాదు. ఒక మనిషికి ఉన్న ఒక్క కోరికను నేను నకిలీ సరుకుతో తీర్చాను, దానికి ఆయన కన్నీళ్లు కూడా పెట్టుకున్నారు. చూపు రాకపోతే ఈ సంగతి బయటపడదని ఒక క్షణం అనిపించింది. అలా అనిపించినందుకు నాకు సిగ్గేసింది.

చూపు వచ్చింది. పూర్తిగా కాదు, నీళ్లలోంచి చూసినట్టు ఉందన్నారు. రెండు నెలల తర్వాత ఒక శనివారం సాయంత్రం ఆఫీసు పనిమీద బుకిట్ బటోక్ దాకా వెళ్లి తిరిగొచ్చేసరికి, సోఫా ఎడమ మూలలో టిష్యూ ప్యాకెట్ ఉంది. మర్నాడు షో ఏదీ లేదు. ఆయన దేనికోసం వస్తున్నారో అర్థమైంది.

ఆదివారం పొద్దున ఆయన వచ్చి కూర్చుని, "బుడ్డాది పెట్టు. నా కంటితోని చూడాలె" అన్నారు.

నెట్ రావడం లేదన్నాను. చందా అయిపోయిందన్నాను. ఆయన రిమోట్ అందుకుని నా చేతిలో పెట్టారు. పెట్టక తప్పలేదు. మ్యూట్‌లో పెట్టాను, అలవాటు కొద్దీ. ఈసారి ఒక్క మాట కూడా చెప్పలేదు. బూటు వచ్చింది. మూడు లెక్క అయిపోయింది. గుండెమీద కాలు, ఫొటో.

అంకుల్ టీవీకి బాగా దగ్గరగా వంగి చూస్తున్నారు. కూల్‌డ్రింకు ప్రకటన మొదలయ్యాక, "అయిపోయిందా?" అన్నారు.

"అయిపోయింది అంకుల్. ఆ పొద్దు నేను చెప్పింది..."

"బంద్ చెయ్."

ఆపేశాను. ఆయన కళ్లద్దాలు తీసి టిష్యూతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నారు. సోఫాలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు.

"గా దినం చూసింది చెప్పు" అన్నారు.

ఎలాగో మొదలుపెట్టాను. "గంట కొట్టినారు. మనోడు చెయ్యి మెలి తిప్పినాడు..."

"కాదు బేటా. ముందు మెడ పట్టుకున్నడు. చెయ్యి అటెనక. గా పిల్లగాడు గింజుకున్నడు, జెర సేపు ఇడువలే. నువ్వే జెప్పినవ్ కదా."

నేను మరిచిపోయిన దెబ్బలు కూడా ఆయనకు గుర్తున్నాయి. నాలుగుసార్లు ఎలా లేచాడో వరసగా చెప్పారు, లేచినప్పుడల్లా అరచేత్తో సోఫా చెయ్యి మీద కొడుతూ. ఆ కుస్తీ ఇరవై నిమిషాలు నడిచింది.